గెలుపు బంతి బరువు

నేను ఒక హాకీ బంతిని, అందులోనూ పిరికిదాన్ని. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. బంతికి భయమేంటని నవ్వకండి. కర్రదెబ్బలు తినడానికే పుట్టినదానికి భయం కాక మరేముంటుంది? అయినా ఆ దెబ్బల భయం ఎప్పుడో పోయింది లెండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా నన్ను పీడించినవి వేరే రెండు. నా గుట్టు బయటపడుతుందేమోనని ఒకటి, నావల్ల ఎవరికైనా ఏదైనా అయిపోతుందేమోనని ఇంకొకటి. రెండూ ఒకే సాయంత్రం నా నెత్తిన పడ్డాయి. ఆ సంగతి చెబుతాను వినండి.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక ఇరుకు సందులో. ఒక ముసలాయన బెండుముక్క చుట్టూ నూలు చుట్టి, పైన రెండు తోలు చిప్పలు కప్పి కుట్టాడు. కుట్టడమయ్యాక కొయ్యసుత్తి తీసుకుని గుండ్రంగా వచ్చేదాకా బాదాడు. పుట్టీ పుట్టగానే తన్నులు, చూశారా! తర్వాత తెల్లరంగు పూసి, తూకమేసి, నూట అరవై గ్రాములని ఖాయం చేసుకుని పెట్టెలో పడేశాడు. ఈ నూట అరవై మాట కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

రైలెక్కి వచ్చి దిగింది తిమ్మాపురం జంక్షన్లో. అనంతపురం వైపు ఎర్రమట్టి ఊరు. లోకోషెడ్డు వెనక గ్రౌండు. ఊరందరికీ ఒకటే పిచ్చి, హాకీ. మగపిల్లాడు పుడితే ముక్కు ఎవరిది, మొగం ఎవరిది అని చూడరు అక్కడ, కాళ్ళు పట్టుకుని 'ఫార్వర్డా, బ్యాకా' అని చూస్తారు. క్లబ్బుకు పెద్ద పేరేదో ఉండేది గానీ, అది బోర్డు మీద తప్ప ఎవరి నోట్లోనూ ఉండేది కాదు. అందరికీ అది జంక్షన్ టీము. నీలం చొక్కా, దానికి పసుపు చార.

నేను వచ్చిన ఏడే ఆ టీము జిల్లా షీల్డు ఫైనలు ఆడింది. ఊళ్ళో సగం కొట్లు మూసేశారు. ఆట అయిపోవడానికి రెండు నిమిషాలుంది, ఇరువైపులా గోలు లేదు. అప్పుడు చలపతి అనే ఫార్వర్డు, లోకోషెడ్డు ఫిట్టరు, పాతికేళ్ళవాడు, నన్ను తీసుకుని గోలు మీదికి ఉరికాడు. ఉరుకుతూంటే నేను గతుకులో ఎగిరి అతని ఎడమకాలికి తగిలాను. అతని కాన్వాసు బూటు ముందువైపు చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి బొటనవేలు నాకు మెత్తగా తగిలింది. హాకీలో కొట్టేవాడి కాలికి బంతి తగిలితే తప్పు, ఇక ఆ గోలు చెల్లదు. దుమ్ములో అంపైరుకు కనిపించలేదు. చలపతి మాత్రం కిందికి చూశాడు. ఒక్క క్షణం నన్ను చూసి, ఆగకుండా కొట్టాడు. నేను పోయి గోలు వెనక పలకకు ఠంగుమని కొట్టుకున్నాను.

ఊరు ఊగిపోయింది. చలపతిని భుజాల మీద మోశారు. నన్ను ఇత్తడి పళ్ళెంలో పెట్టి పసుపు కుంకుమలు చల్లి మేళంతో ఊరేగించారు. ఆ పళ్ళెంలో నేను వణికిపోయానంటే నమ్మండి. ఎవరైనా వంగి 'ఏమే, కాలికి తగిలినావా?' అని అడిగేస్తారేమోనని. ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచీ నేను గెలుపు బంతిని.

ఇక నన్నెవరూ ఆటకు వాడలేదు. నాకు ఇంకో ఉద్యోగం పడింది. ఉత్తరం గోలు వెనక నాలుగు నాపబండలు పరిచి ఉంటాయి. ఆట అయ్యాక అభిమానులంతా ఆ బండల మీద కూర్చుని అదే ఆటను మళ్ళీ ఆడతారు, నోటితో. ఒక ఏడు సెంటర్ హాఫు ఎవరుండాలనే మాట మీద ఇద్దరికి పళ్ళు రాలాయి. అప్పుడు మస్తాన్ వలీ ఒక కట్టుబాటు పెట్టాడు. ఆయన స్టేషన్ల పేర్ల బోర్డులకు రంగేసే పనివాడు, నిదానస్తుడు. గెలుపు బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు ముయ్యాలి, చేతిలోంచి లాక్కోకూడదు. బంతి మీద గౌరవంతో అందరూ సరేనన్నారు. నన్ను ముస్తాబు చేసే పని కూడా మస్తాన్ వలీయే పెట్టుకున్నాడు. ఏడాదికి రెండు పూతలు, బోర్డులకు వాడే తెల్ల ఎనామిల్ రంగు. పాత రంగు గోకి పుయ్యొచ్చు కదా అని ఎవరో అంటే ఆయనకు కోపమొచ్చింది.

"గెలుపును ఎవురన్నా గోకుతారాప్పా?" అన్నాడు.

అలా పూత మీద పూత పడుతూ పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు. నేను బరువెక్కుతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది. వాళ్ళకు తెలియలేదు.

బండల పక్కన ఇంకొకావిడ ఉండేది, హనుమక్క. ఉడకబెట్టిన శెనక్కాయలు తక్కెట్లో తూచి అమ్ముతుంది. ఇరవై రెండేళ్ళుగా ఒక్క ఆట తప్పకుండా చూసిన మనిషి. 'ఆ రైట్ బ్యాకు కుంటుతాండాడు సూడు' అని శెనక్కాయలతో చెప్పినట్టు గొణిగేది. పది నిమిషాలకు అదే మాట ఎవరో నన్ను చేతిలో పట్టుకుని దర్జాగా చెప్పేవాడు, అందరూ 'అబ్బ, ఏం కనిపెట్టినాడప్పా!' అనేవాళ్ళు. ఆమె చేతికి నన్ను ఇద్దామని ఇన్నేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. టీము గోల్‌కీపరు ఓబులేసు ఆమె కొడుకే. ఇరవై మూడేళ్ళవాడు.

నాలుగేళ్ళ కిందట క్లబ్బు నడపలేక కమిటీవాళ్ళు చేతులెత్తేస్తే, నాగభూషణం అనే గ్రానైటు వ్యాపారి టీమును కొనేశాడు. ఇదే బండల మీద ఆయనకు దండ వేశారు, నన్ను ఆయన చేతికిచ్చి మాట్లాడమన్నారు. ఆయన నన్ను రెండు వేళ్ళతో, రంగంటుకుంటుందేమో అన్నట్టు పట్టుకున్నాడు. నాకు అప్పుడే గుబులు పుట్టింది. తర్వాత టీము పేరు భూషణ బ్లాస్టర్స్ అయింది. నీలం చొక్కా పోయి నల్లది వచ్చింది, దాని మీద ఆయన కంపెనీ బొమ్మ. ఊరి పిల్లలు ఒక్కొక్కరే బయటికి పోయారు. ఎక్కడెక్కడి ఆటగాళ్ళో పొద్దుటి రైలుకు దిగి, ఆడి, సాయంత్రం రైలుకు ఎక్కేసేవాళ్ళు. ఆ ఊరిలో ఒక ఆచారముంది. ఓడినా గెలిచినా ఆటగాళ్ళు బండల దగ్గరికి వచ్చి, నాలుగు తిట్లు తిని, గుప్పెడు శెనక్కాయలు తిని పోవాలి. కొత్తవాళ్ళకు అది నామోషీ. చివరికి ఆ ఆచారం పాటించేవాడు ఓబులేసు ఒక్కడే మిగిలాడు, టీములో ఊరివాడు కూడా వాడొక్కడే.

ఈ ఏడు వరసగా ఆరు ఆటలు ఓడారు. నాగభూషణం టీమును సిటీకి ఎత్తుకుపోతాడని పుకారు పుట్టింది. బండల మీద చేతులు మారుతూంటే నాకు తెలిసేది, చలపతిది తప్ప ప్రతి అరచెయ్యీ చెమటే. పైకి మాత్రం అరుపులు.

"ఓనరుదే తప్పు. బండలు కోసేటోనికి ఆట ఏం తెలుస్తాది?" అనేవాడు మస్తాన్ వలీ.

"ఓనరేం జేస్తాడన్నా, ఆడేటోళ్ళకు రోసం లేకపోతే? మేమాడినప్పుడు రక్తం కారినా వదల్లేదు," అనేవాడు చలపతి. ఇప్పుడాయనకు యాభై ఆరు. ఆ మాటన్నప్పుడల్లా ఆయన బొటనవేలు నన్ను గట్టిగా నొక్కేది. మా ఇద్దరికే తెలుసు ఎందుకో.

ఏడో ఆట రోజు అయిదు గోల్స్ తేడాతో ఓడారు. ఆ అయిదో గోలు మాత్రం ఎవరూ మరిచిపోలేరు. బంతి నింపాదిగా దొర్లుకుంటూ వచ్చింది. ముసలివాళ్ళు కాలడ్డం పెట్టి ఆపే బంతి. ఓబులేసు మొగం పక్కకు తిప్పుకున్నాడు. బంతి కాళ్ళ మధ్యలోంచి లోపలికి పోయింది. ఆట అయ్యాక అందరూ బండల మీద చేరారు. అప్పుడు నన్ను అందుకున్నవాడు పార్సిలాఫీసు ఈరన్న. వాడి చేతిలోకి పోవడమంటేనే నాకు హడలు, వాడు వార్త మోసినట్టు ఎవరూ మొయ్యలేరు.

"చెప్పకూడదనుకున్నా గానీ చెప్తా. మంగళారం నాడు ఓబులేసు ఓనరు కార్లోంచి దిగుతాంటే నా కండ్లతో సూసినా. టీమును ఈడ ఓడిచ్చి, చెడ్డ పేరు తెచ్చి ఎత్తుకపోవల్లని ప్లాను. ఈడు గోలు ఇడిస్తే ఈనికి సిటీ టీములో చోటు. తెలిసిందా ఇప్పుడు?"

హమ్మయ్య, దొరికాడు అన్నట్టు అందరి మొగాలూ వెలిగాయి. వాళ్ళకు కోపమున్నది నాగభూషణం మీద, ఆయనేమో అద్దాలెత్తిన కారులో ఎప్పుడో వెళ్ళిపోయాడు. రైలెక్కినవాళ్ళు ఎక్కేశారు. చేతికందేది ఒక్కడే. వాడు అప్పుడే, పద్ధతి ప్రకారం, ప్యాడ్లు కూడా విప్పకుండా, చంకలో హెల్మెట్టుతో బండల దగ్గరికి నడిచి వస్తున్నాడు.

రావద్దురా నాయనా, ఇవ్వాళ రావద్దు అని నేను లోలోపల మొత్తుకున్నాను. వచ్చాడు. నేను చలపతి చేతిలో ఉన్నాను.

"మంగళారం యాడికి పోయింటివి?" అన్నాడు చలపతి.

"పనుండి పోయింటి."

"ఓనరు కాడ నీకేం పని?"

ఓబులేసు హెల్మెట్టును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. హనుమక్క తక్కెడ చప్పుడు ఆగిపోయింది.

"సరే. ఈ బంతి మీద చెయ్యి పెట్టి చెప్పు. ఆటను అమ్ముకోలేదని ప్రమాణం చెయ్యి."

వాడు నా మీద చెయ్యి పెట్టాడు. "అమ్ముకోలేదు," అన్నాడు. ఆ చెయ్యి తడిసిపోయి ఉంది. అబద్ధం చెప్పే చెయ్యి ఎలా ఉంటుందో ముప్పై ఒక్క ఏళ్ళుగా నాకు తెలుసు, పొడిగా, బిగిసిపోయి ఉంటుంది. ఇది అలాంటిది కాదు, బెదిరిపోయిన పిల్లవాడి చెయ్యి. అయ్యో, వీళ్ళకు ఎలా చెప్పేది!

"నోటిమాటకేముందిలే," అన్నాడు ఎవరో వెనక నుంచి.

చలపతి లేచి నిలబడ్డాడు. "అయితే గోల్లో నిలబడు. ప్యాడ్లు ఇప్పు, హెల్మెట్టు ఈడ పెట్టు. గెలుపు బంతితో నేను కొడతా. తప్పు చెయ్యనోడు కన్ను తిప్పడు. తిప్పినావా, నువ్వు అమ్ముకున్నట్టే."

మీరు నమ్మరు, అక్కడున్న అంతమందిలో ఒక్కడికి కూడా ఇది దారుణమనిపించలేదు. అంతా న్యాయంగా ఉందన్నట్టు తలలూపారు. తమది అనుకున్నది చేయి జారిపోతుందని హడలెత్తినవాళ్ళు అలాగే ఊపుతారు కాబోలు. మస్తాన్ వలీ ఒక్కడు నోరు తెరవబోయి ఆగిపోయాడు. బంతి ఆయన చేతిలో లేదు మరి. కట్టుబాటు పెట్టింది ఆయనే.

నన్ను గోలుకు ఏడడుగుల దూరంలో ఎర్రమట్టి మీద పెట్టారు. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. ఓబులేసు ఒక్కో ప్యాడూ విప్పి పక్కన పెట్టి, ఉత్త బనీనుతో, ఉత్త మొగంతో నా ఎదురుగా నిలబడ్డాడు. కుడికంటి రెప్ప కొట్టుకుంటోంది. చలపతి ఎవరి దగ్గరో కర్ర తీసుకుని చేతులు రాసుకున్నాడు. వయసు పైబడినా ఆ భుజాలు నాకు తెలుసు. నా ఒళ్ళు ఎంత బరువెక్కిందో కూడా నాకు తెలుసు. తోలు మీద పెంకులా గట్టిపడిన రంగు అది. ఈ దూరం నుంచి కణతకు తగిలితే పిల్లవాడు లేవడు. ఆగండయ్యా అని అరవడానికి నాకు నోరు లేదు. దొర్లిపోదామంటే నేల చదునుగా ఉంది. అంత భయం నేను ఎన్నడూ పడలేదు. ఇక ముందూ పడనేమో.

కర్ర పైకి లేచింది.

రబ్బరు చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక చెయ్యి వచ్చి నన్ను మట్టి మీద నుంచి తీసుకుంది. ఉప్పునీళ్ళలో నాని గరుకెక్కిన చెయ్యి.

"ఏయ్ హనుమక్కా, పక్కకు పో! మగోళ్ళ పంచాయితీ ఇది," అన్నాడు ఈరన్న.

"బంతి నా చేతిలో ఉండాది," అంది హనుమక్క. "మీరు నోరు ముయ్యాల."

మూశారండీ! కట్టుబాటు కట్టుబాటే.

ఆమె నన్ను అరచేతిలో రెండుసార్లు ఎగరేసి చూసింది. మొగం చిట్లించింది. నన్ను తీసుకుపోయి తక్కెట్లో ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో రెండువందల గ్రాముల రాయి పెట్టింది. నా పళ్ళెం కిందికే ఉండిపోయింది. ఆ రాయి తీసి పావుకిలో రాయి పెట్టింది. ముల్లు వచ్చి సరిగ్గా నడిమధ్య నిలబడింది.

"ఆట బంతి నూటరవై గ్రాములని నా కొడుకు పిల్లప్పుడే నాకు చెప్పినాడు. ఇది పావుకిలో ఉండాది. గుండు ఇది. దీన్ని తీసుకోని పిల్లోని మొగానికి కొడతావా చలపతన్నా? నా పిల్లోని మొగానికి?"

మస్తాన్ వలీ తన గోళ్ళలో ఇంకిపోయిన తెల్లరంగు వంక చూసుకున్నాడు. హనుమక్క ఆపలేదు.

"ప్రమాణాలు కావల్లంటే అందరమూ చేస్తాం. పెద్దోనివి, నువ్వే మొదలుపెట్టు. ఈ గ్రౌండులో నేను ఎప్పుడూ తప్పాట ఆడలేదని దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. ఆ మాట చెప్పి కొట్టుకో పో. నేను అడ్డం రాను."

ఆమెకేమీ తెలియదు. కడుపు మండి అన్న మాట అది. తెలిసింది నాకు, చలపతికి. ఆమె నన్ను పళ్ళెంతో సహా ఆయన ముందుకు చాచింది. ఆయన చెయ్యి వచ్చింది. నాకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. పెట్టెయ్యి, పెట్టి అబద్ధం చెప్పెయ్యి, ఇన్నేళ్ళు చెప్పలేదా అనుకున్నాను పిరికిదాన్ని. కానీ అబద్ధం చెబితే మళ్ళీ కర్ర లేస్తుంది. నేనెటు కోరుకోవాలో నాకే తెలియలేదు.

చలపతి కర్ర కిందపెట్టేశాడు.

"నా కాలికి తగిలింది," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ పొద్దు, ఫైనల్లో. బంతి నా కాలికి తగిలింది. తగిలినంక కొట్టినా. నాకు తెలుసు."

షెడ్డులో ఇంజను ఒకటి కూత వేసి ఆగింది. ఈరన్న నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "అంటే... మనం గెలవలేదాప్పా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. చలపతి బండ మీద కూలబడి రెండు చేతులతో మొగం కప్పుకున్నాడు. నా గుట్టు రట్టయింది. నేను పగిలిపోతాననుకున్నాను, పగల్లేదు.

హనుమక్క నన్ను పళ్ళెంలోంచి తీసి కొడుకు చేతిలో పెట్టింది. "ఇప్పుడు నువ్వు చెప్పు. నాకు చెప్పిందే ఈళ్ళకూ చెప్పు."

ఓబులేసు నా కేసి చూస్తూ చెప్పాడు.

"భయమైతాంది. శివరాత్రి ముందర ప్రాక్టీసులో బంతి తగిలి హెల్మెట్టు కమ్మీ వంగి కంటికాడ గుచ్చుకునింది. అప్పట్నుంచీ బంతి వస్తాంటే కండ్లు మూతపడిపోతాండాయి. వద్దనుకున్నా ఆగవు. కొత్త హెల్మెట్టు అడగల్లని ఓనరు కాడికి పోయింటి, కార్లో కూసోబెట్టుకోని మాట్లాడినాడు. ఈడ ఇంగ ఖర్చు పెట్టం, కొత్త ఊర్లో కొత్త టీముకే అన్నాడు. భయమని చెప్తే మీరు నన్ను గోల్లో నిలబడనిస్తారా? ఊరోణ్ణి నేనొక్కణ్ణే మిగిల్నా కదా. నేనూ పోతే ఇంగ ఈ బండల కాడికి ఎవరొస్తారు?"

అంతే చెప్పి ఏడ్చేశాడు. ఇరవై మూడేళ్ళ మగపిల్లాడు, అందరి ముందూ. టీము పోతున్నది నిజమేనని కూడా అప్పుడే అందరికీ తెలిసింది. దాని మీద అరిచే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మస్తాన్ వలీ లేచి, కింద ఉన్న హెల్మెట్టు తీసుకుని వంగిన కమ్మీని వేలితో తడిమి చూసి, షెడ్డులో సరిచేయించడానికి సంచీలో వేసుకున్నాడు. చలపతి మోకాళ్ళు పట్టుకుంటూ వంగి, మట్టిలో పడి ఉన్న ప్యాడ్లు తీసి దులిపాడు. వాటిని ఓబులేసు చేతికిస్తూ, "నాకూ భయమే నాయనా, అప్పట్నుంచీ," అన్నాడు.

తర్వాత రెండు నెలలకు నాగభూషణం టీమును ఎత్తుకుపోయాడు. గోలు వలలు కూడా విప్పించుకుపోయాడు మహానుభావుడు. ఓబులేసుకు పిలుపు రాలేదు, వచ్చినా పోయేవాడు కాదు. ఇప్పుడు గ్రౌండులో షెడ్డువాళ్ళూ, ఊరి కుర్రాళ్ళూ కలిసి ఆడుతున్నారు. పెట్టెల అడుగునుంచి పాత నీలం చొక్కాలు బయటికి తీశారు. పొట్టల మీద బిగుసుకుపోయాయి. పక్క ఊళ్ళతో ఆడి ఎక్కువగా ఓడుతుంటారు. ఓబులేసుకు ఇంకా రెప్ప కొట్టుకుంటుంది, కానీ మొగం తిప్పడం తగ్గింది. బండల మీద మళ్ళీ అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అందరికంటే గట్టిగా వినిపించేది హనుమక్క గొంతే.

ఇక నేనా? ఆ సాయంత్రం ఎవరూ నన్ను ఇంటికి తీసుకుపోలేదు. గెలవని గెలుపు బంతి ఎవరికి కావాలి? హనుమక్క నన్ను తన తక్కెట్లోనే ఉంచుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె పావుకిలో రాయి అంచు విరిగింది. ఇప్పుడు నేనే పావుకిలో. తూనికల ఆఫీసరు వచ్చి నన్ను చూస్తే ఏమంటాడోనని కొత్త భయమొకటి పట్టుకుంది గానీ, అది పాతవాటి ముందు ఏపాటిది? రోజూ సాయంత్రం చలపతి వచ్చి పావుకిలో శెనక్కాయలు అడుగుతాడు. ముల్లు నడిమధ్యకు వచ్చి నిలబడేదాకా నన్నే చూస్తాడు. ఇప్పుడు చూపు తిప్పుకోడు.

మొన్న సీజను మొదలవుతుందనగా మస్తాన్ వలీ అలవాటు కొద్దీ డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. రెండు పూతలు వేసి ఇస్తానన్నాడు. హనుమక్క నన్ను పళ్ళెంలోంచి తియ్యనివ్వలేదు.

"ఇంగ రంగు పుయ్యాకు మస్తానన్నా," అంది. "తూకం తప్పుతాది."

ఆయన డబ్బా మూత బిగించుకుని, కాసిన్ని శెనక్కాయలు తీసుకుని పోయాడు.